ఇంటికి వచ్చిన ప్రయోగశాల



హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా మన పిల్లలలో కొందరు తెలుగు బడిలో చదివి, తరువాత ఇంజనీరింగు కళాశాల గడప తొక్కుతున్నారు. 2020 మార్చిలో ఆ పిల్లలు హాస్టలు గదులు ఖాళీ చేసి, సంచులు సర్దుకొని ఇళ్ళకు తిరిగివచ్చారు. ఆ మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను విశ్వవ్యాప్త మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌను అమలులోకి వచ్చినది. కొద్ది రోజులకే పాఠాలు ఫోను తెర మీద మొదలైనవి. అప్పుడు ఇంటింటా వినిపించిన ప్రశ్న ఒకటి ఉన్నది: "పాఠమంటే ఫోనులో వింటావు సరే, మరి ల్యాబు సంగతేమిటిరా?"

ఆ ప్రశ్న వేసినవారిలో చాలామంది ఇంజనీరింగు చదవనివారే. అయినా అసలు ముడి ఎక్కడున్నదో వారికి తెలిసినది. ఇంజనీరు చదువులో ఏ భాగం కన్నులతోను చెవులతోను నేర్వదగినది, ఏ భాగం చేతులతో మాత్రమే నేర్వదగినది అన్నది దూరవిద్య పుట్టిన నాటి నుండి నలుగుతూ వచ్చిన వివాదం. 2020లో జరిగినదాన్ని అర్థం చేసుకోవాలంటే కొంత వెనుకకు పోవాలి. ఆ పాత కథను మీ ముందుంచడమే ఈ వ్యాసం పని.

ముందుగా మన దేశపు చట్టం ఏమన్నదో చూడండి. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినది. ఒడిశాలోని ఎత్తిపోతల నీటిపారుదల సంస్థ ఒక పక్షంగా ఉన్న వ్యాజ్యం అది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి అనుమతి లేకుండా దూరవిద్య పద్ధతిలో ఇంజనీరింగు పట్టాలు ఇచ్చినవి. 2001 నుండి 2005 వరకు చేరినవారి పట్టాలను కోర్టు తాత్కాలికంగా నిలిపివేసి, పరీక్ష పెట్టించి, నెగ్గినవారికి మాత్రమే వాటిని తిరిగి ఇమ్మన్నది. ఆ తరువాత చేరినవారి పట్టాలను రద్దు చేసినది. సాంకేతిక విద్యకు ప్రయోగ శిక్షణయే వెన్నెముక, అది ఉత్తరాల ద్వారా సాధ్యం కాదు అన్న భావన ఆ తీర్పు వెనుక ఉన్నది. ఇది జరిగి సరిగా రెండున్నర సంవత్సరాలైనా కాకముందే, దేశంలోని ఇంజనీరింగు విద్యార్థులందరూ ఇంట కూర్చొని ఇంజనీరింగు నేర్వవలసివచ్చినది! చరిత్రలో ఇటువంటి వింతలు తరచు రావు.

రోగం వచ్చి బడులు మూతపడడం కొత్త కాదు. 2020లో చాలామంది న్యూటను కథ చెప్పుకొన్నారు. 1665లో ప్లేగు వలన కేంబ్రిడ్జి మూతపడగా ఆయన స్వగ్రామం చేరి గొప్ప విషయాలు ఆలోచించాడన్నది ఆ కథ. వినడానికి బాగున్నది గాని, న్యూటనుకు హాజరు పట్టీ లేదు, సెమిస్టరు చివర వైవా లేదు. మనకు పనికివచ్చే ఉదాహరణ 1937 నాటి షికాగో నగరానిది. ఆ సెప్టెంబరులో పోలియో భయంతో అక్కడి బడులు తెరవలేదు. మూడవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు సుమారు 3,15,000 మంది పిల్లలకు రేడియో ద్వారా పాఠాలు చెప్పారు. ఏ పాఠం ఏ స్టేషనులో ఎన్ని గంటలకు వస్తుందో వార్తాపత్రికలు ముందుగా ప్రచురించేవి. రేడియో లేని ఇళ్ళ పిల్లలు వెనుకబడ్డారు. అందుకున్న పిల్లలకైనా వేగం సరిపోలేదని, తిరిగి అడగడానికి వీలు లేకపోయినదని అప్పుడే ఫిర్యాదులు వచ్చినవి. ఎనభై మూడేళ్ళ తరువాత మన ఇళ్ళలో వినిపించిన మాటలు కూడా అవే గదా. కాని షికాగో పిల్లలవి లెక్కలు, భాష, సాంఘికశాస్త్రం వంటి పాఠాలు; వారికి యంత్రాల సమస్య రాలేదు.

యంత్రాల సమస్యను ముందుగా నిజాయితీగా ఎదుర్కొన్నది బ్రిటనులోని ఓపెన్ యూనివర్సిటీ. 1969లో స్థాపితమై, 1971 జనవరిలో మొదటి విద్యార్థులను చేర్చుకొన్నది. వారిలో చాలామంది పగలు ఉద్యోగాలు చేసేవారు, పిల్లల తల్లులు, ఇంతకుముందు విశ్వవిద్యాలయం ముఖం చూడనివారు. బి.బి.సి.లో వేళగాని వేళ ఉపన్యాసాలు వచ్చేవి. తపాలాలో ముద్రిత పాఠాలు వచ్చేవి. ఈ రెండింటితో సరిపెట్టుకొని ఉంటే మనం ఇక్కడ దానిని తలచుకోవలసిన అవసరం లేదు. మూడవ వస్తువు ఒకటి వచ్చేది: ప్రయోగ సామగ్రి పెట్టె.

ఆ పెట్టెను గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థి ఇంటికి పరికరాలు, రసాయనాలు, వాటిని వాడే క్రమాన్ని తెలిపే పుస్తకం తపాలాలో చేరేవి. అరచేతిలో ఇమిడే ఒక సూక్ష్మదర్శినిని దీనికోసమే చవకగా ప్లాస్టిక్కుతో చేయించారు. మెకార్థర్ అనే వైద్యుడు రూపొందించిన నమూనా అది. 1980లలో కంప్యూటరు పాఠానికి "హెక్టర్" అనే చిన్న కంప్యూటరునే ఇళ్ళకు పంపారు. చదువు ముగిసిన తరువాత పెట్టెను తిరిగి పంపాలి; దానిని శుభ్రపరచి, పోయిన వస్తువులను నింపి మరొకరికి పంపేవారు. ఇన్ని వేల పెట్టెలు వెళ్ళి, తిరిగివచ్చి, మళ్ళీ వెళ్ళడానికి ఎంతటి గిడ్డంగి, ఎంతమంది మనుషులు కావాలో ఊహించండి. దూరవిద్య అనగానే మనకు టీవీ, కంప్యూటరు గుర్తుకు వస్తాయి గాని, దాని అసలు బరువును మోసినవారు గిడ్డంగి గుమాస్తాలు, తపాలా బంట్రోతులు.

పెట్టెతో కూడా పని పూర్తి కాలేదని ఆ విశ్వవిద్యాలయానికి తెలుసు. అందుకే వేసవిలో వారం రోజులు విద్యార్థులను ఇతర విశ్వవిద్యాలయాల ప్రాంగణాలకు పిలిచి, అక్కడి ప్రయోగశాలలలో పనిచేయించేవారు. చిన్న పరికరం ఇంటికి, పెద్ద పరికరం దగ్గరకు మనిషి. ఈ విభజన చాలా తెలివైనది. నా అభిప్రాయంలో 2020లో మన కళాశాలలు మరచిపోయిన పాఠం ఇదే.

మన దేశంలో ఈ మార్గాన మొదట నడిచినది తెలుగు నేలయే. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినది. భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. నేడు దాని పేరు డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి గారు 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు. అంతకు ముందే, 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు, అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారం చేసిన "సైట్" ప్రయోగంలో తెలుగు, కన్నడం, ఒడియా, హిందీ భాషలు ఉన్నవి. మీలో పెద్దవారికి ఆ పంచాయతీ టీవీలు గుర్తుండవచ్చు.

ఇంజనీరింగుకు ఉపగ్రహాన్ని వాడిన ఘనత కర్ణాటకది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరినది. విద్యకే కేటాయించిన ఉపగ్రహం అది. దాని తొలి ప్రయోగాత్మక పథకాలలో ఒకటి విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయంతో జరిగినది. ఒక స్టూడియోలో కూర్చొన్న ఆచార్యుడి పాఠాన్ని రాష్ట్రంలోని పలు ఇంజనీరింగు కళాశాలలలో ఒకేసారి చూశారు. పల్లె కళాశాలలో మంచి అధ్యాపకుడు లేకపోయినా మంచి పాఠం దొరికినది. అయితే గమనించండి, ఆ విద్యార్థులు కళాశాలలోనే కూర్చొని ఆ పాఠం విన్నారు. పాఠం ముగిసిన తరువాత పక్క గదిలోని ల్యాబుకు వెళ్ళారు. దూరమైనది అధ్యాపకుడే గాని, పరికరం కాదు. 2003లో ఐ.ఐ.టి.లు, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి మొదలుపెట్టిన ఎన్.పి.టి.ఇ.ఎల్. వీడియో పాఠాల సంగతి కూడా ఇంతే.

పరికరాన్నే దూరంనుండి నడిపించవచ్చునన్న ఆలోచనకు అంతర్జాలం రావలసివచ్చినది. 1998లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో హెసూస్ దెల్ ఆలమో అనే ఆచార్యుడు "వెబ్‌ల్యాబ్" అనే ఏర్పాటు చేశారు. ట్రాన్సిస్టరు గుండా విద్యుత్తు ఎంత ప్రవహిస్తున్నదో కొలిచే ఖరీదైన పరికరం ఒకటి ఆయన ప్రయోగశాలలో ఉండేది. తరగతిలోని విద్యార్థులందరికీ అటువంటి పరికరాలు కొనడం అసాధ్యం. కాని కొలతకు పట్టే సమయం కొన్ని క్షణాలే. మిగిలిన కాలమంతా యంత్రం ఖాళీగా ఉంటుంది. కనుక దానిని అంతర్జాలానికి కలిపి, విద్యార్థులు తమ గదుల నుండి, అర్ధరాత్రి అయినా సరే, కొలతలు పంపి ఫలితాలు తీసుకొనేటట్లు చేశారు. తెర మీద కనిపించే అంకెలు కల్పితం కావు, నిజమైన ట్రాన్సిస్టరు ఇచ్చినవే. ఇదే పద్ధతిని తరువాత నైజీరియా, ఉగాండా, టాంజానియా విశ్వవిద్యాలయాలతో పంచుకొన్నారు.

మన దేశంలో దీనికి చక్కని దేశవాళీ రూపం ఐ.ఐ.టి. బొంబాయిలో వచ్చినది. ఒక చిన్న పలకమీద వేడెక్కే లోహపు రేకు, దానిని చల్లార్చే చిన్న ఫ్యాను, ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారు. అంతే పరికరం. దూరాన కూర్చొన్న విద్యార్థి తాను రాసిన ప్రోగ్రాముతో ఆ రేకును కోరిన ఉష్ణోగ్రత వద్ద నిలపాలి. పెద్ద రసాయన కర్మాగారంలో బాయిలరును అదుపు చేసే సూత్రమే ఇక్కడ అరచేతి పరిమాణంలో ఉన్నది. తప్పు చేస్తే ఏమీ పేలదు, కాని తప్పు చేసినట్లు అంకెలు చెబుతాయి.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. నిజమైన యంత్రాన్ని దూరం నుండి నడపడం ఒకటి. యంత్రం లేకుండా, దాని లెక్కలను మాత్రమే కంప్యూటరులో పెట్టి ఆడించడం మరొకటి. మొదటిది దూర ప్రయోగశాల, రెండవది అనుకరణ. తల్లిదండ్రులకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, రెండూ తెర మీదివే గనుక. రెండవదానిలో లెక్క రాసినవాడు ఊహించని సంగతి ఎన్నటికీ జరగదు. మొదటిదానిలో జరగవచ్చు.

ఈ చర్చకు ఒక మంచి కొలబద్ద 2002 జనవరిలో దొరికినది. అమెరికాలో ఇంజనీరింగు చదువులకు గుర్తింపునిచ్చే సంస్థ ముందు ఒక చిక్కు వచ్చినది: దూరవిద్యలో ల్యాబు చేయించామని ఎవరైనా అంటే ఒప్పుకోవాలా, వద్దా? శాండియాగోలో నిపుణులు సమావేశమైనారు. చిత్రమేమంటే, దూరపు ల్యాబు మంచిదా కాదా అని తేల్చబోయి, అసలు మామూలు ల్యాబు దేనికోసమో ఎవరూ స్పష్టంగా రాసిపెట్టుకోలేదని గ్రహించారు! వందేళ్ళుగా నడుస్తున్న ల్యాబులకు లక్ష్యాల జాబితాయే లేదు. వారు కూర్చొని పదమూడు లక్ష్యాలు రాశారు. పరికరాలను వాడడం, సిద్ధాంతపు నమూనాను వాస్తవంతో పోల్చడం, దత్తాంశాన్ని విశ్లేషించడం వంటివి ఎవరైనా ఊహించగలరు. కాని ఆ జాబితాలో వైఫల్యం నుండి నేర్వడం ఉన్నది, భద్రత ఉన్నది, జట్టుగా పనిచేయడం ఉన్నది, చేతివాటం ఉన్నది, చివరికి ఇంద్రియాల ఎరుక కూడా ఉన్నది.

ఇంద్రియాల ఎరుక అంటే ఏమిటో బోధనలో ఉన్న మీకు వివరించనక్కరలేదు. రెసిస్టరు కాలే ముందు వచ్చే వాసన. లేతు యంత్రంలో కోత ఎక్కువైనప్పుడు మారే ధ్వని. పరీక్షాయంత్రంలో ఉక్కు కడ్డీని రెండు వైపులా లాగుతుంటే అది నడుమ సన్నబడి, హఠాత్తుగా తెగినప్పుడు గదంతా వినిపించే చప్పుడు. ఆ చప్పుడు ఒకసారి విన్న విద్యార్థికి ఉక్కు బలాన్ని గురించి పుస్తకంలో చదివిన అంకె ఇక అంకెగా మిగలదు. పదమూడింటిలో ఎన్నింటిని తెర మోయగలదు, ఎన్నింటిని మోయలేదు అన్న దృష్టితో 2020ని చూస్తే చాలా సంగతులు స్పష్టమౌతాయి.

మన దేశం పూర్తిగా సిద్ధంగా లేకపోలేదు. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో కేంద్ర ప్రభుత్వం సమాచార సాంకేతికత ద్వారా విద్య అనే జాతీయ ఉద్యమాన్ని ప్రారంభించినది. ఆనాడు పత్రికలన్నీ పది డాలర్ల ల్యాప్‌టాప్ అనే వింత వస్తువు వెంటపడినవి. అది ఎవరి చేతికీ రాలేదు. కాని అదే ఉద్యమం కింద "వర్చువల్ ల్యాబ్స్" అనే పథకం నిదానంగా పెరిగినది. ఐ.ఐ.టి. ఢిల్లీ ముందుండగా, మరికొన్ని ఐ.ఐ.టి.లు, హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి., సూరత్కల్ ఎన్.ఐ.టి., పూణె ఇంజనీరింగు కళాశాల, అమృత విశ్వవిద్యాపీఠం వంటివి కలిసి వందకు పైగా ప్రయోగశాలలను, వందలాది ప్రయోగాలను అంతర్జాలంలో ఉంచినవి. ఎక్కువ భాగం అనుకరణలే. పల్లెలోని చిన్న కళాశాలలో పరికరం లేకపోయినా ప్రయోగపు రూపమైనా తెలియాలన్నది వాటి ఉద్దేశం. ల్యాబులకు బదులుగా కాదు, తోడుగా అన్న మాట.

2020లో అవి ఒక్కసారిగా బదులుగా మారినవి. పైగా మరొక చిక్కు. పాత ప్రయోగాలలో అనేకం ఫ్లాష్, జావా వంటి పాత పద్ధతులలో తయారైనవి. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు స్వస్తి చెబుతామని 2017లోనే ప్రకటించి ఉన్నది. అనగా దేశానికి ఆ ప్రయోగాలు అత్యవసరమైన సంవత్సరమే వాటి ఆయువు తీరే సంవత్సరం కూడా అయినది. వాటిని కొత్త పద్ధతిలోకి తిరగరాయవలసివచ్చినది. డిజిటల్ రూపంలో పెడితే శాశ్వతమని మనం అనుకొంటాం. తాటాకు మూడు వందల ఏళ్ళు నిలిచినది, ఫ్లాష్ పాతికేళ్ళు నిలిచినది.

ఇక ఆ సంవత్సరంలో ఏ ల్యాబు ఏమైనదో చూద్దాం. కంప్యూటరు సైన్సు వారికి కష్టం తక్కువ. కంప్యూటరు ఉన్న ప్రతి ఇల్లూ ల్యాబే. లేనివారు ఫోనులోనే ప్రోగ్రాములు రాశారు. వేలి కొనలంత అక్షరాలలో సెమికోలన్ వెదకడం ఎంత శిక్షో చేసినవారికే తెలుసు. ఎలక్ట్రానిక్సు వారికి అనుకరణ సాఫ్టువేర్లు అంతకుముందే ఉన్నవి; ఐ.ఐ.టి. బొంబాయి వారి ఇ-సిమ్ ఉచితంగా లభించేది. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు విద్యార్థుల ఇళ్ళకు బ్రెడ్‌బోర్డు, విడిభాగాలు, ఆసిలోస్కోపు పనిచేసే అరచేతి పరికరం కలిపి పంపినవి. యాభై ఏళ్ళ కిందటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టె మళ్ళీ పుట్టినదన్నమాట. మన దగ్గర లాక్‌డౌను తొలి వారాలలో అత్యవసర వస్తువులు తప్ప మరేమీ కదలలేదు. తరువాతనైనా పెట్టెలు పంపే అలవాటు, దానికి కావలసిన గిడ్డంగి, నిధి చాలా కళాశాలలకు లేవు.

సివిల్, మెకానికల్ వారి కష్టం వేరు. కాంక్రీటు ఘనాన్ని పోసి నీటిలో నానబెట్టి 28 రోజుల తరువాత యంత్రంలో నలిపి బలం చూడాలి. 2020 మార్చి 10న పోసిన ఘనానికి ఆ దినం ఏప్రిల్ 7న వస్తుంది. ఆనాటికి కళాశాలకు తాళం. సర్వేయింగులో ఒకరు పరికరం చూస్తే మరొకరు దూరాన కొలకర్ర పట్టుకోవాలి. దానికి మైదానం కావాలి, జట్టు కావాలి. వర్క్‌షాపులో ఆకురాయి పట్టి ఇనుప ముక్కను చదును చేయడానికి అనుకరణ అంటూ ఏముంటుంది? ఇటువంటి చోట్ల అధ్యాపకుడో, ల్యాబు సహాయకుడో ప్రయోగం చేస్తుండగా ఫోనుతో వీడియో తీసి పంపడం, పాత సంవత్సరపు రీడింగులు ఇచ్చి లెక్కలు, గ్రాఫులు వేయించడం జరిగినది.

దీనిని పూర్తిగా తప్పు పట్టలేము. రీడింగులు ముందే తెలుసుకొని వెనుకనుండి లెక్కవేసుకొనే విద్య మన ల్యాబులలో మహమ్మారికి ముందే బాగా వర్ధిల్లినది. సీనియరు రికార్డు పుస్తకం జూనియరుకు వారసత్వంగా రావడం మీరెరుగనిది కాదు. నిజం చెప్పాలంటే, ఇచ్చిన దత్తాంశంలో పొరపాటు ఎక్కడున్నదో కనిపెట్టమని అడిగిన అధ్యాపకుడు ఆ ఏడాది కూడా మంచి ల్యాబే నడిపాడు. రికార్డు రాసి, స్కాను చేసి, పి.డి.ఎఫ్. పంపమన్నవాడు అంతకుముందు ఏమి చేశాడో అదే చేశాడు.

2020 ఏప్రిల్ 29న యు.జి.సి. మార్గదర్శకాలు ఇచ్చినది. పరీక్ష సమయాన్ని మూడు గంటల నుండి రెండు గంటలకు తగ్గించవచ్చునన్నది. ప్రయోగ పరీక్షలు, వైవాలు స్కైప్ వంటి సాధనాల ద్వారా జరపవచ్చునన్నది. ప్రయోగ పరీక్షను మాటల పరీక్షగా మార్చడమే ఇది. తమిళనాట మరొక వివాదం రేగినది: ఆ ఆగస్టులో ప్రభుత్వం, చివరి సెమిస్టరు తప్ప, రుసుము కట్టిన వారి బకాయి పరీక్షలన్నింటినీ ఉత్తీర్ణత కింద జమకట్టినది, సాంకేతిక విద్యా మండలి దానికి అభ్యంతరం చెప్పగా సంగతి మద్రాసు హైకోర్టుకు వెళ్ళినది. అక్కడి మన పిల్లలకు అది ఊరటయో, పట్టా మీద మచ్చయో తెలియక నెలల తరబడి నలిగారు.

తెర అందరికీ ఉన్నదా అన్నది వేరే కథ. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో అంతర్జాల సౌకర్యం ఉన్న కుటుంబాలు నూటికి 24కు మించలేదు; పల్లెలలో 15. కంప్యూటరు ఉన్న పల్లె కుటుంబాలు నూటికి 5 కూడా లేవు. ఇంజనీరింగు విద్యార్థుల ఇళ్ళలో ఇది కొంత మెరుగై ఉండవచ్చు. అయినా సిగ్నలు కోసం డాబా ఎక్కిన పిల్లలు, చెట్టెక్కిన పిల్లలు, ఒక్క ఫోనును ముగ్గురు పంచుకొన్న ఇళ్ళు మనందరం చూసినవే.

ఇంతవరకు ఎవరూ అంతగా చర్చించని సంగతి ఒకటి మీతో, ముఖ్యంగా భాష నేర్పే మీతో, చెప్పాలి. మన ల్యాబులో రెండు భాషలు ఉంటాయి. మాన్యువలు ఇంగ్లీషులో, రికార్డు ఇంగ్లీషులో, వైవా ఇంగ్లీషులో. కాని పని మాత్రం ఊరి భాషలో జరుగుతుంది. "ఆ ఎర్ర తీగ ఇటు పెట్టు బాబూ, ముందు స్విచ్చి ఆపు" అనేది ల్యాబు సహాయకుడు. అతడు తెలుగు నేలలో తెలుగులో, బెంగుళూరులో కన్నడంలో, చెన్నైలో తమిళంలో ఆ మాట అంటాడు. సందేహం పుట్టినప్పుడు పక్కన నిలిచిన జతగాడిని అడిగే భాష కూడా ఇంటి భాషయే. తెలుగు బడి నుండి వెళ్ళిన విద్యార్థికి ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో నిలదొక్కుకొనే నేల ఇదే. ఉపన్యాసంలో సగం అర్థం కాకపోయినా, ల్యాబులో చేతులతో చేస్తూ, చెవిలో నాలుగు తెలుగు మాటలు పడగా, ఆ సగమూ నెమ్మదిగా పూరించుకొంటాడు. తెర మీదకు పాఠం ఎక్కినప్పుడు మాన్యువలు వచ్చినది, వీడియో వచ్చినది, ప్రశ్నపత్రం వచ్చినది. సహాయకుడు రాలేదు, జతగాడు రాలేదు. అంటే ఇంగ్లీషు మొత్తం వచ్చినది, ఇంటి భాష మొత్తం పోయినది.

ఈ వెలితిని పూరించే సాధనం ఒకటి అప్పటికే ఉండడం విశేషం. ఐ.ఐ.టి. బొంబాయిలోని "స్పోకెన్ ట్యుటోరియల్" పథకం 2020కి సుమారు పదేళ్ళ ముందు నుండి చిన్న చిన్న వీడియో పాఠాలు తయారు చేస్తూ వచ్చినది. ఒక్కొక్కటి పది నిమిషాల మేర. ఉపాధ్యాయుడు లేకుండా ఒంటరిగా నేర్చుకొనే విద్యార్థి కోసమే రూపొందినది. వీడియోను ఒక పక్క, సాఫ్టువేరును మరో పక్క తెరచి, చూస్తూ చేస్తూ పోవాలి. ముందే దింపుకొని అంతర్జాలం లేకుండా చూడవచ్చు. తెర మీది అక్షరాలు ఇంగ్లీషువే గాని, వినిపించే గొంతును భారతీయ భాషలలోకి మార్చారు. తెలుగు వాటిలో ఒకటి. లినక్సు, సి భాష, పైథాను, సైల్యాబ్ వంటివి తెలుగు గొంతులో వినవచ్చు. సహాయకుడి స్థానాన్ని కొంతవరకు నింపగల వస్తువు ఇది. కాని మన కళాశాలలలో దాని పేరు విన్నవారే తక్కువ.

2020 ఆగస్టు 29న కేంద్ర హోంశాఖ విడుదల చేసిన సడలింపులలో, ఉన్నత విద్యలో ముందుగా తెరవదగినవారుగా పరిశోధక విద్యార్థులను, ప్రయోగశాల అవసరమున్న సాంకేతిక, వృత్తివిద్యల స్నాతకోత్తర విద్యార్థులను పేర్కొన్నారు. పాఠం ఆగగలదు గాని ల్యాబు ఆగలేదని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయినది. ఆ తరువాత వారం తిరగకుండా, సెప్టెంబరు 4న, యు.జి.సి. దూరవిద్య, ఆన్‌లైను విద్యలకు కొత్త నిబంధనలు ప్రకటించినది. దూరవిద్యలో గాని, ఆన్‌లైనులో గాని ఇవ్వరాని చదువుల జాబితాలో ఇంజనీరింగు ఉన్నది! ఆ రోజున దేశంలోని బి.టెక్. విద్యార్థులందరూ ఆన్‌లైనులోనే ఉన్నారు.

దీనిలో వైరుధ్యం లేదనేవారి వాదన కూడా వినదగినది. 2020 మార్చి 27న అమెరికాలో కొందరు విద్యావేత్తలు ఒక వ్యాసంలో ఒక భేదం చూపారు: నెలల తరబడి ఆలోచించి రూపొందించిన ఆన్‌లైను విద్య వేరు, విపత్తులో చేతికందినదానితో నడిపే అత్యవసర దూరబోధన వేరు. వరద వచ్చినప్పుడు బడిలో తలదాచుకొన్నంత మాత్రాన బడి ఇల్లు అయిపోదు. ఈ వాదన న్యాయమైనదే. కాని ఒడిశా వ్యాజ్యంలో పట్టాలు పోగొట్టుకొన్న వారికి ఈ భేదం ఎలా వినిపించి ఉంటుందో!

2021 ఏప్రిల్‌లో రెండవ ఉధృతి వచ్చి, తెరచిన ల్యాబులను మళ్ళీ మూయించినది. 2020లో చేరిన విద్యార్థి మొదటి రెండేళ్ళలో, అనగా వర్క్‌షాపు, భౌతికశాస్త్రం, ప్రాథమిక విద్యుత్తు వంటి చేతివాటం నేర్పే ల్యాబులన్నీ ఉండే కాలంలో, ప్రాంగణాన్ని చూసినది అంతంత మాత్రం. 2024లో అతడు పట్టా పుచ్చుకొన్నాడు. ఆ జట్టువారు మీ ఇంట ఉంటే, ఏ పరికరాన్ని తొలిసారి ఎప్పుడు ముట్టుకొన్నారో అడిగి చూడండి.

2021 జూలై 29న మరొక ప్రకటన వచ్చినది: ఎనిమిది రాష్ట్రాలలోని 14 ఇంజనీరింగు కళాశాలలు హిందీ, తమిళం, తెలుగు, మరాఠీ, బంగ్లా భాషలలో చదువు చెప్పబోతున్నవని ప్రధాని చెప్పారు. తెలుగులో ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలు వెలువడినవి, వీడియో పాఠాల తర్జుమాలు సాగినవి. తర్జుమా అయిన వాటిలో ఎక్కువ భాగం ఉపన్యాసాలు, సిద్ధాంత గ్రంథాలే. ల్యాబు మాన్యువలు మీద దృష్టి తక్కువ. "ముందు స్విచ్చి ఆపు" అనే వాక్యం ఇంకా సహాయకుడి నోటిలోనే ఉన్నది.